లోపలి పిడి

డబ్బున్నవాళ్ళని ఎగతాళి చేసే సినిమా తీయాలంటే ముందు డబ్బున్నవాళ్ళ ఇల్లు కావాలి. ఇందులో ఉన్న తమాషా మా తమ్ముడికి ఎన్నడూ అర్థం కాలేదు. అర్థమైనా ఒప్పుకునే రకం కాదు.

వాడు డైరెక్టరు. పదకొండేళ్ళుగా ఒకటే కథ చంకలో పెట్టుకుని తిరిగాడు. యంత్రాలతో, ఫోన్లతో కోట్లు గడించిన ఒక పెద్దమనిషి, ప్రపంచం మునిగిపోతుందని భయపడి భూమి కింద గది కట్టించుకుంటాడు. ప్రపంచం మునగదు. ఒక మామూలు మంగళవారం నాడు, పైన అందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఉండగా, ఆయన ఆ గదిలో ఇరుక్కుపోతాడు. అంతే కథ. "జనం పొట్ట పట్టుకుని నవ్వాలక్కా, చివర్లో ఆ నవ్వు గొంతుకి అడ్డం పడాలి" అనేవాడు. నిర్మాతలకి కథ వింటున్నప్పుడే అడ్డం పడేది. చివరికి ఒకాయన సరేనన్నాడు, ముప్ఫై రోజుల్లో ముగించాలన్న షరతు మీద.

నాది కంటిన్యుటీ. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఒక టేకులో గ్లాసు కుడిచేతిలో ఉంటే రెండో టేకులోనూ కుడిచేతిలోనే ఉందా, చొక్కా రెండో బొత్తం పెట్టుకున్నాడా లేదా, గోడమీద గడియారం ఎంత చూపించింది, ఇవన్నీ పుస్తకంలో రాసుకుంటాను. మొత్తం యూనిట్లో నా నోటికి జడవనివాడు లేడు. ప్రతి టేకు పక్కనా డైరెక్టరు చెప్పిన మాట రాస్తాను: బాగుంటే ఓకే, బాగోకపోతే ఎన్.జి. ఆ పక్కన కారణం రాయడానికి ఒక గడి. ఆ కాగితం డేటా మాస్టారి దగ్గరికి పోతుంది. ఆయన ఒకప్పుడు లెక్కల మాస్టారు. ఇప్పుడు కెమెరా కార్డులు చూసుకుంటాడు. మాకున్నవి నాలుగే కార్డులు, డిస్కులో చోటు అంతంతమాత్రం. అందుకని ఓకే అని ఉన్నవి దాచి, ఎన్.జి. అని ఉన్నవి అక్కడికక్కడే చెరిపేస్తాడు. నా కాగితం ఆయనకి వేదం.

ఇల్లు దొరకడం ఒక వింత. కొండమీద మేడ, దాని అడుగున నిజంగానే ఉక్కుగది. ఆ ఇంటాయన మనిషికి దాహం వేస్తోందని ఫోను ద్వారా చెప్పే కంపెనీ పెట్టి కోటీశ్వరుడయ్యాడు. మా యూనిట్లో ఆయన్ని మంచినీళ్ళాయన అనేవాళ్ళు. దాహం ఎవరికి వారికి తెలియదా అని అడక్కండి. తెలిసిన సంగతే మళ్ళీ చెప్పించుకోవడానికి జనం నెలనెలా కడుతున్నారు. మా తమ్ముడు ఆయన మేనేజరుకి 'సాహసవంతుడైన వ్యాపారవేత్త కుటుంబ గాథ' అని రాసిచ్చి అనుమతి తెచ్చాడు. కథ సంగతి బయటపడితే ఆ క్షణమే గెంటేస్తారు. పదకొండేళ్ళూ గంగపాలు.

ఆ రోజు ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి ఇల్లు ఖాళీ చేసివ్వాలి. మిగిలింది ఒకటే, అరవై ఒకటో సీను. ఆ సీను లేకపోతే సినిమా లేదు. గదిలో ఇరుక్కున్న పెద్దమనిషి మొదట గద్దిస్తాడు, తరవాత బేరమాడతాడు, ఆ తరవాత లైటు సగానికి పడిపోతుంది, మోకాళ్ళు పట్టుకుని మూలన కూర్చుని చిన్నపిల్లాడిలా పదిహేడో ఎక్కం చదువుతాడు.

ఈ సీను నాది. నాకు పదేళ్ళప్పుడు, మా తమ్ముడికి ఏడు. దాగుడుమూతల్లో నేను పరుపులు దాచే భోషాణంలో దూరాను. వాడు పైన గొళ్ళెం పెట్టేసి, ఆటలో పడి మరిచిపోయాడు. అమ్మ వచ్చి తీసేసరికి చీకటి పడింది. అప్పటినుంచి నేను లిఫ్టు ఎక్కలేదు. బాత్రూము తలుపు గడియ పెట్టను. ఆ కథంతా తమ్ముడికి ఎప్పుడో చెప్పాను, వాడు సీనుగా రాసుకున్నాడు. పదిహేడో ఎక్కం సంగతి ఎప్పుడు చెప్పానో మాత్రం గుర్తులేదు, చెప్పే ఉంటాను. స్క్రిప్టులో పదిహేడు తొమ్మిదుల నూట నలభై మూడు అని ఉంది. "ఒరేయ్, నూట యాభై మూడు రా" అని దిద్దాను. "తప్పే ఉండనీ అక్కా" అన్నాడు. పాత్ర కంగారులో ఉంది కదా అని ఊరుకున్నాను.

ఇక ఆ గది తలుపు. అసలైన ఉక్కు తలుపు, జానెడు మందం. లోపలివైపు అసలు పిడి అరచేతిలో పట్టేంత ఉంది. అది కెమెరాకి ఆనదని మా ఆర్ట్ డైరెక్టరు దానిమీద ప్లైవుడ్డు పలక బిగించి, ఉక్కురంగు పూసి, ఓడలో ఉన్నట్టు పెద్ద చక్రం పిడి ఒకటి పెట్టాడు. ఎంత అందంగా తిరుగుతుందో! దేన్నీ తెరవదు, అంతే. సెట్టు వేసేవాళ్ళకి కెమెరాకి కనబడేదే నిజం, వెనకాల ఏమున్నా పట్టదు. తలుపు మూసుకోకుండా కింద చెక్కముక్క ఒకటి అడ్డం పెట్టేవాళ్ళం. రోజూ పొద్దున్నే ఆ చెక్కముక్క ఉందో లేదో నేనే వంగి చూసుకునేదాన్ని.

కెమెరా లోపల స్టాండుమీద ఉంది. అది ఎటు తిరగాలో బయటి గదిలోంచి మీటతో నడుపుతారు. లైట్ల మీటలు, మానిటరు అన్నీ బయటే. రికార్డింగు జరుగుతున్నప్పుడు కెమెరామీద వెలిగే ఎర్రదీపం సీసాలమీద మెరుస్తోందని దానికి నల్లటేపు అంటించారు. లైటింగు అయింది, కార్డు పెట్టారు, నటుడికి గడ్డం అతికించడానికి ఇంకో గంట పడుతుందన్నారు. అందరినీ భోజనాలకి పంపారు. అరల్లో సీసాలు ఏ వరసలో ఉన్నాయో రాసుకుందామని నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను.

అప్పుడే మంచినీళ్ళాయన వచ్చాడు. బూడిదరంగు చొక్కా, కాళ్ళకి ఏమీ లేవు. తన ఇంట్లో తాను నడిచినట్టే నడుచుకుంటూ వచ్చాడు.

"ఎవరు మీరు?"

"కంటిన్యుటీ అండి."

"అంటే?"

"మారకూడనివి మారకుండా చూసుకుంటానండి."

"నేను మారాల్సినవి మారుస్తాను" అన్నాడు, ఎక్కడో స్టేజిమీద అన్న మాటే అయి ఉంటుంది. తరవాత కిందికి చూశాడు. "ఈ చెత్తేంటి ఇక్కడ?" అని కాలితో చెక్కముక్కని తన్నాడు.

వద్దు అనడానికి నోరు తెరిచాను. తలుపు మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా మూసుకుంది.

ఆయన పెద్ద చక్రం పట్టుకుని తిప్పాడు. తిరిగింది. ఇంకోవైపు తిప్పాడు. అటూ తిరిగింది.

"అది ఉత్తుత్తిదండి" అన్నాను.

"మరి మా పిడి?"

"దాని వెనకాలే ఉందండి. ఎనిమిది మరలు ఊడదీస్తే వస్తుంది. బయటినుంచైతే ఇట్టే తీయొచ్చు. కానీ అందరూ భోజనాలకెళ్ళారు."

ఫోను తీశాడు. అందులో ప్రాణం లేదు. ప్రపంచం మునిగాక ఎవరూ తనకి ఫోను చేసి సాయం అడక్కూడదని, సిగ్నలు రాకుండా గోడలు కట్టించాడట. నా ఫోను బయట బుట్టలో ఉంది. "తలుపు తెరువు!" అని పైకప్పు వైపు చూసి అరిచాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆయన అమ్మిన వినే డబ్బా ఒకటి ఉంది, ఎవరేం మాట్లాడినా వింటుంది. ఈ గదిలో మాత్రం పెట్టించలేదట.

"ఎందుకండీ?" అన్నాను.

"నమ్మకం లేక" అన్నాడు. అబద్ధం చెప్పే తీరిక లేక నిజం చెప్పేశాడు పాపం.

నా చెవుల్లో అప్పటికే హోరు మొదలైంది. చేతులు ఊరికే ఉంచకూడదని జుట్టులోంచి పిన్ను తీసి మొదటి మరమీద పడ్డాను. ఆయన వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గుడ్. మనిద్దరం ఒక టీం. ఆలోచన నాది, అమలు మీది. పది నిమిషాలకి ఎన్ని మరలు అనుకుందాం?"

"మీరూ ఒక చెయ్యి వేస్తే..."

"ఇద్దరం ఒకే పని చేస్తే వృథా కదా. రెండు అనుకుందాం. సాగదీసిన లక్ష్యం పెట్టుకుంటేనే మనిషి ఎదుగుతాడు."

ఇరవై నిమిషాలకి ఒక మర వచ్చింది. నా బొటనవేలి గోరు సగానికి విరిగింది. ఆయన చప్పట్లు కొట్టాడు. "చూశారా, నాయకత్వం సరిగ్గా ఉంటే!" అన్నాడు. ఆ మాటకి వేరే రోజైతే ఏమనేదాన్నో నాకు తెలుసు. అప్పటికి పిన్ను వంగిపోయింది.

ఆయన తోచక అటూ ఇటూ తిరిగి నా పుస్తకం అందుకున్నాడు. అందులోనే స్క్రిప్టు ఉంది. నా ప్రాణం అక్కడికక్కడే పోయింది. లాక్కోబోయాను గాని అప్పటికే నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాడు. స్క్రిప్టులో పెద్దమనిషికి ఒకేలాంటి బూడిదరంగు చొక్కాలు నలభై ఉంటాయి. చెప్పుల్లేకుండా తిరుగుతాడు. కుక్కకి నీళ్ళు పెట్టడం మరిచిపోయి, కుక్కలకి దాహం గుర్తుచేసే యంత్రం కనిపెడతాడు. ఒక్కో పేజీ తిరుగుతుంటే నేను తమ్ముడి పదకొండేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు, ఆ బూడిదరంగు చొక్కా చేతితోనే.

"వీడే! అచ్చం వాడే! ఆ ఎదుటి కొండమీద ఇల్లు కట్టాడే, నిద్ర అమ్ముతాడు, వాడు! ఎవరు రాశారమ్మా ఇది? వాడికి ఈ చొక్కాల పిచ్చి ఉన్నట్టు మీకెలా తెలిసింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని సామెత. ఈయన పక్కవాడి భుజాలు తడిమాడు. దేవుడా, సినిమా బతికింది అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం గది సంగతే మరిచిపోయాను.

అంతలో ఆయన చేతి గడియారం బుర్రుమని, ముద్దుగా ఒక ఆడగొంతు పలికింది: "నీళ్ళు తాగే సమయమైంది."

అలవాటు ప్రకారం అరలోంచి సీసా తీసి మూత విప్పాడు. ఖాళీ. ఇంకోటి తీశాడు. ఖాళీ. సీసాల్లో నీళ్ళుంటే పేర్చడానికి బరువని ఆర్ట్ డైరెక్టరు అన్నీ ఖాళీవే పెట్టించాడు. ఆయన దాచుకున్న అసలు నీళ్ళన్నీ బయట వసారాలో ఉన్నాయి, మూడేళ్ళకి సరిపడా. ఏడో సీసాని తలకిందులుగా పట్టుకుని చూశాడు. పదిహేను నిమిషాలకి గడియారం మళ్ళీ పలికింది. మళ్ళీ పదిహేను నిమిషాలకి పలికింది. ఆపడం ఆయనకే తెలియలేదు. తలుపు దగ్గరికెళ్ళి మెల్లగా, ఎవరితోనో రహస్యం చెబుతున్నట్టు, "నీకేం కావాలో చెప్పు" అన్నాడు తలుపుతో.

అప్పుడు లైటు సగానికి పడిపోయింది.

ముందు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. లోపల మీట లేదు. తగ్గించాలంటే బయటివాళ్ళే తగ్గించాలి. ఎవరో వచ్చారు! "ఒరేయ్, తలుపు తియ్యరా!" అని కెమెరా వైపు చెయ్యి ఊపాను.

ఎవరూ తియ్యలేదు.

లైటు సరిగ్గా సగానికి పడింది, స్క్రిప్టులో రాసినంతే. ఆయన తలుపుతో బేరమాడగానే పడింది, స్క్రిప్టులో రాసిన చోటే. ముప్ఫై ఏళ్ళు ఇలాంటివి చూడడమే నా బతుకు. తమ్ముడు మానిటరు ముందు కూర్చున్నాడు. ఎంతసేపటినుంచో కూర్చున్నాడు.

"ఎవరిని పిలిచారు? చూస్తున్నారా మనల్ని?" అన్నాడాయన.

అవునంటే, తను భయపడుతుంటే సినిమా తీశారని తెలిస్తే, ఇక నిద్ర అమ్మేవాడూ లేడు, వాడి చొక్కాలూ లేవు, మొత్తం యూనిట్టు రోడ్డుమీద. కక్కలేను, మింగలేను.

"లేదండి. కంగారులో అలవాటుగా మా తమ్ముణ్ణి కేకేశాను" అన్నాను.

కెమెరాలోంచి సన్నగా గుర్రుమని చప్పుడైంది. ఆయన వైపు ఉన్న లెన్సు మెల్లగా, ఎంతో మర్యాదగా తిరిగి నా మీద ఆగింది.

నేను అరల పక్కన మూలకి పోయాను. అదీ అటే తిరిగింది. గోడలు దగ్గరికొచ్చాయి. అవి రావని తెలిసినా వచ్చాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది, లోపలికి దిగడం లేదు. ఎప్పుడు కూర్చున్నానో, ఎప్పుడు మోకాళ్ళు పట్టుకున్నానో తెలియదు. నా నోరే చదువుతోంది: పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళ ముప్ఫై నాలుగు, పదిహేడు మూళ్ళ యాభై ఒకటి. మంచినీళ్ళాయన నాకేసి ఎగాదిగా చూసి, రెండడుగులు దూరం జరిగాడు. ఎన్నిసార్లు చదివానో. తొమ్మిదుల దగ్గరకొచ్చినప్పుడల్లా నూట నలభై మూడు అంటున్నాను. తప్పని తెలుస్తూనే ఉంది, దిద్దుకోలేకపోతున్నాను.

తలుపు తెరుచుకునేసరికి గంటా పది నిమిషాలైంది.

తమ్ముడు పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. "అక్కా... ఏం షాటు అక్కా! ఏం షాటు!"

నేను వాడిని తోసుకుని బయటికొచ్చి, కిటికీ దగ్గర ఊపిరి పీల్చుకున్నాను. ఎండ, రోడ్డు, ఎవరో సైకిలుమీద పోతున్నారు. ప్రపంచం మునగలేదు.

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"మొదట్నుంచీ" అన్నాడు. వాడికి నాతో అబద్ధం చెప్పడం చేతకాదు. "తీద్దామనే లేచానక్కా. మానిటర్లో నీ మొహం చూశాను. అలాంటిది నేను రాయలేను. ఎవరూ చెయ్యలేరు. నువ్వు కాస్త ఓర్చుకుంటే..."

"చిన్నప్పుడంటే మరిచిపోయావు. ఇప్పుడు గుర్తుండే చేశావు గదరా."

మంచినీళ్ళాయన అప్పటికి మూడు సీసాలు తాగి మానిటరు ముందు కూర్చున్నాడు. తనని తీశారని తెలిసి కోపం తెచ్చుకోలేదు సరిగదా, మురిసిపోయాడు. "నేనేనా అది? బాగున్నానే!" నా మొహం వచ్చేసరికి కళ్ళు చిట్లించాడు. "ఇక్కడ నన్నెందుకు వదిలేశారు? ఇంకోసారి తీద్దాం. నేనే చేస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి. ఊరూరా ఆడిస్తాను దీన్ని. ఆ నిద్ర అమ్మేవాడు చూసి చావాలి."

తమ్ముడి మొహంలో పదకొండేళ్ళ ఆకలి ఒక్కసారిగా కనబడింది. వాడు నా వైపు తిరిగాడు. నా వైపు ఎందుకు తిరిగాడో వాడు చెప్పకముందే నాకు తెలుసు.

"అక్కా, ఒక్కటంటే ఒక్క టేకు. మొదటి టేకులో నువ్వున్నావు కదా. రెండూ కలిపి వాడాలంటే రెండో దాంట్లోనూ నువ్వు అక్కడే ఉండాలి. కంటిన్యుటీ నీకు నేను చెప్పాలా?"

నేను ముప్ఫై ఏళ్ళుగా నలుగురికీ బిగించిన తాడు నా మెడకే పడింది. అదే చీర, అదే మూల, అదే ఎక్కం. తలుపు మళ్ళీ మెత్తగా పడుతుంది. కాదంటే వాడి సినిమా చేజేతులా నేనే చంపినట్టు. అవునంటే నేను బయటికొస్తానని నాకు నమ్మకం లేదు.

వాళ్ళిద్దరూ ఎక్కడ కూర్చోవాలో మాట్లాడుకుంటున్నారు. నేను పుస్తకం తెరిచాను. సీను అరవై ఒకటి, టేకు ఒకటి. ముప్ఫై ఏళ్ళలో డైరెక్టరు చెప్పకుండా ఆ గడిలో ఒక్క అక్షరం రాయలేదు. ఎన్.జి. అని రాశాను. కారణం అన్న గడిలో 'డైరెక్టరు తలుపు తియ్యలేదు' అని రాశాను. కాగితం చింపి డేటా మాస్టారి చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. నా మొహం వైపు ఒకసారి చూశాడు. విరిగిన గోరు వైపు చూశాడు. కార్డు తీసుకెళ్ళాడు.

అయిదు నిమిషాలకి తమ్ముడు వచ్చాడు. "తలుపు పడ్డప్పుడు పుస్తకం ఏ చేతిలో ఉందక్కా?"

"ఏ టేకులో?"

"మొదటి టేకులో."

"మొదటి టేకు ఎక్కడుంది? ఎన్.జి. చెరిపేశారు. లేని టేకుకి కంటిన్యుటీ ఏంట్రా? నేను ఈ సీన్లో లేను."

వాడు మాస్టారి బల్ల వైపు చూశాడు. ఆయన ఖాళీ కార్డు పైకెత్తి చూపించాడు. తమ్ముడు అరుస్తాడనుకున్నాను. అరిస్తే పోట్లాడదామని నడుం బిగించాను కూడా. వాడు అరవలేదు. మంచినీళ్ళాయన మాత్రం, "పోతే పోయింది, నన్నొక్కణ్ణే తియ్యండి" అంటూ గది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపలికి తొంగి చూశాడు. ఒక్కడే ఉండాలి, తలుపు పడాలి. గడియారం చూసుకున్నాడు.

"నాకు మీటింగుంది" అన్నాడు. "సినిమా మాత్రం ఆపకండి. నాలుగింటికి ఖాళీ చెయ్యండి. ఆ... ఆ చెక్కముక్క అక్కడే ఉంచండి."

ఆయన వెళ్ళాక తమ్ముడు గదిలోకి పోయి, నేను కూర్చున్న మూలనే కూర్చున్నాడు. నేను గుమ్మం దాకా వెళ్ళాను, దాటలేదు. వాడిమీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. వాడిని అలా చూస్తే జాలిగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండగలవని ఆ గుమ్మంలోనే తెలిసింది.

"పదిహేడో ఎక్కం సంగతి నీకు నేను చెప్పలేదు కదూ?" అన్నాను.

వాడు తల ఊపాడు, లేదన్నట్టు.

"తొమ్మిదుల దగ్గర తప్పు చెప్పానని కూడా."

"మరిచిపోలేదక్కా అప్పుడు" అన్నాడు నేలకేసి చూస్తూ. "గొళ్ళెం బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. అమ్మకి చెప్తే చంపేస్తుందని భోషాణం పక్కనే కూర్చున్నాను. నువ్వు ఎక్కం చదువుతున్నావు. నూట నలభై మూడు అన్నావు. నాకు ఆ ఎక్కం రాదు, అదే నిజమనుకున్నాను. చానాళ్ళు అలాగే చదివి బళ్ళో దెబ్బలు తిన్నాను. నువ్వు చదవడం ఆపేశావు. చచ్చిపోయావనుకున్నాను. అప్పుడు పరిగెత్తాను అమ్మ దగ్గరికి."

నలభై రెండేళ్ళు నేనొక్కదాన్నే ఆ పెట్టెలో ఉన్నాననుకున్నాను.

"మరి ఇవాళ గొళ్ళెం ఏం బిగుసుకుందిరా?"

వాడు ఏం చెప్పినా నమ్మేదాన్ని కాదు. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు.

నటుడు వచ్చాడు, గడ్డం సరిచేసుకుంటూ. జరిగిందేదీ ఆయనకి తెలియదు. "షాటు రెడీయా సార్? ఎక్కం కంఠతా వచ్చేసింది. కానీ ఒకటే అనుమానం. ఇంతటివాడు నిజంగా భయపడితే ఎలా ఉంటుందో నాకు అందడం లేదు."

తమ్ముడు తలెత్తలేదు. "ప్యాకప్ చెప్పెయ్ అక్కా" అన్నాడు.

రెండూ ఇరవై అయింది. గంటా నలభై నిమిషాలుంది. ఆ పెట్టె నాది, ఎక్కం నాది, తప్పు కూడా నాదే. దొంగిలిస్తే ఇవ్వను. అడిగితే వేరే సంగతి.

"అడగరా" అన్నాను.

వాడు తల ఎత్తి చూశాడు. "ఆ భయం ఎలా ఉంటుందో ఈయనకి చెప్తావా అక్కా?" అన్నాడు.

"తలుపు తెరిచుంటే చెప్తాను. నువ్వూ ఇక్కడే, లోపలే కూర్చోవాలి. మానిటరు దగ్గర కాదు."

"షాట్లో తలుపు మూసుండాలి కదండీ?" అన్నాడు ఆర్ట్ డైరెక్టరు వెనకనుంచి.

"మూసినట్టుంటే చాలదూ? ఆ ఉత్తుత్తి పిడి బిగించినవాడివి, నువ్వా అడిగేది?"

చెక్కముక్క పెడితే సందు మరీ పెద్దదై కెమెరాలో పడుతోంది. నా ఎడమకాలి చెప్పు విప్పి తలుపు కింద అడ్డం పెట్టాను. సరిగ్గా సరిపోయింది. అప్పుడు గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, నటుడి పక్కన చతికిలబడి, ఊపిరి ఎక్కడ ఆగుతుందో ముందుగా అది చెప్పాను. చెబుతూ ఉండగా తమ్ముడు రెండుసార్లు మొహం తిప్పుకున్నాడు. చెప్పడం అయ్యాక బయటికొచ్చి, ఒక కాలికి చెప్పు లేకుండా మానిటరు ముందు కూర్చుని పుస్తకం తెరిచాను.

సీను అరవై ఒకటి, టేకు రెండు. సీసాలు అయిదు వరసలు. రెండో వరసలో ఏడు మూతలు ఊడి ఉన్నాయి. పలకకి పైన కుడివైపు మర లేదు. డైరెక్టరు లోపలే, ఎడమ మూల. తలుపు సందులో నా చెప్పు. ఫ్రేములోకి రాదు.